పాత ఊరు, గెడ్డలు, వార్డులు: విశాఖ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పుట్టి పెరిగింది వన్‌టౌన్‌లో, అంటే విశాఖ పాత ఊళ్లో. నెలకో ఆదివారం తెల్లారగట్ల ఓ పదిమందిని వెంటబెట్టుకుని పాత ఊరు తిప్పుతుంటాను. మధురవాడ నుంచి, గాజువాక నుంచి, పెందుర్తి నుంచి వస్తారు. చాలామంది ఈ ఊళ్లో పాతికేళ్లుగా ఉంటూ కూడా కోటవీధి ఎప్పుడూ చూడనివాళ్లు. వాళ్లు నడుస్తూ అడిగినవి, ఇంటికెళ్లాక ఫోన్ చేసి అడిగినవి ఇక్కడ రాస్తున్నాను.

విశాఖపట్నం, వైజాగ్, వాల్తేరు ఒకే ఊరేనా?

ఇప్పుడు ఒకటే. ఒకప్పుడు కాదు. విశాఖపట్నం అంటే రేవు పక్కనున్న పాత ఊరు. దానికి ఉత్తరాన మెరకమీద ఉన్నది వాల్తేరు. ఊరి ఉక్క, దోమలు పడలేక దొరలు అక్కడ బంగళాలు కట్టుకున్నారు. రైల్వేవాళ్లు కూడా స్టేషనుకు వాల్తేరు అనే పేరు పెట్టడంతో ఆ పేరు దేశమంతా పాకింది. మా నాన్నగారి తరం వాళ్లు చివరిదాకా "వాల్తేరు స్టేషనుకెళ్లొస్తా" అనేవారు. దొరలకు నోరు తిరగక విశాఖపట్నం వైజాగపటం అయింది, దాని ముక్కే వైజాగ్.

అసలు విశాఖ అన్న పేరు ఎక్కడిదంటే, తీరాన వైశాఖేశ్వరుడి గుడి ఉండేదనీ, దాన్ని సముద్రం మింగేసిందనీ పెద్దలు చెబుతారు. ఇసాకు మదీనా దర్గా మీదుగా ఇసాకపట్నం అన్న మాట కూడా పాత ఊళ్లో వినిపిస్తుంది. చోళుల కాలంలో కులోత్తుంగ చోళపట్నం అన్న పేరూ ఉండేది. వైశాఖేశ్వరుడి కథకు తవ్వకాల్లో రుజువు దొరకలేదు. కానీ ఊరు చెప్పుకునే కథగా దాన్ని దాచుకోవాలని నా అభిప్రాయం.

అసలు ఊరు ఎక్కడ మొదలైంది?

పాత పోస్టాఫీసు దగ్గర నిలబడి చూడండి. దక్షిణాన యారాడ కొండ, దొరలు డాల్ఫిన్స్ నోస్ అన్నది. దానికీ ఊరికీ నడుమ సన్నటి నీటిపాయ. ఇంగ్లీషు కంపెనీ 1682లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకుంది, తర్వాత దాని చుట్టూ కోట కట్టింది. కోట పోయింది, పేర్లు మిగిలాయి. కోటవీధిలో కోట లేదు, బురుజుపేటలో బురుజు లేదు, సోల్జర్‌పేటలో సిపాయి లేడు. 1780 అక్టోబరులో ఇక్కడి సిపాయిలు మద్రాసు వెళ్లే ఓడ ఎక్కం అని తిరగబడ్డారు. 1857కు ముందు జరిగిన సిపాయి తిరుగుబాట్లలో ఇదొకటి. ఈ సంగతి ఊళ్లో పదిమందిలో ఒకరికి కూడా తెలియదంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

1901 జనాభా లెక్కల్లో విశాఖపట్నం జనం 40,892. 2011 నాటికి నగరపాలక సంస్థ పరిధిలో 17 లక్షల 28 వేలు. ఆ నలభై వేలమంది ఊరు ఎంత ఉండేదో తెలియాలంటే వన్‌టౌన్ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే చాలు, గంట కూడా పట్టదు.

రేవు దగ్గర మూడు కొండల సంగతేమిటి?

ఒకదానిమీద వెంకటేశ్వరస్వామి, ఒకదానిమీద ఇసాకు మదీనా దర్గా, ఒకదానిమీద మేరీమాత చర్చి. చర్చి ఉన్నదాన్ని రాస్ హిల్ అంటారు. రాస్ అనే ఆయన 19వ శతాబ్దంలో దానిమీద ఇల్లు కట్టుకున్నాడు, ఆ ఇల్లే తర్వాత ప్రార్థనాలయం అయింది. రేవులోకి వచ్చే ఓడలూ వెళ్లే ఓడలూ దర్గాకేసి జెండాను మూడుసార్లు ఎత్తి దించి మొక్కేవని బ్రిటిష్‌కాలపు జిల్లా గ్రంథాల్లో రాసుంది. ఎక్కడానికి వేటికీ అరగంట పట్టదు. ఉదయం ఆరింటికి వెంకటేశ్వరుడి కొండమీద నిలబడితే పాత ఊరు పెంకుటిళ్లు, రేవు క్రేన్లు, యారాడ కొండ మూడూ ఒక్క చూపులో పడతాయి. పెంకుటిళ్లు ఏటేటా తగ్గిపోతున్నాయి, తొందరగా వెళ్లి చూసిరండి.

కనకమహాలక్ష్మి అమ్మవారికి పైకప్పు ఎందుకు లేదు?

అమ్మవారు బురుజుపేటలో ఒక బావిలో 1912లో బయటపడ్డారు. పైన గుడి కట్టొద్దన్నది అమ్మవారి మాటేనని భక్తుల నమ్మకం. ఎండా వానా ఆ తల్లి మీదే పడతాయి. రోడ్డు వెడల్పు కోసం 1917లో విగ్రహాన్ని పక్కకు జరిపితే ఊళ్లోకి ప్లేగు వచ్చిందనీ, తిరిగి పాత చోటే నిలిపితే తగ్గిందనీ మా నానమ్మ నుంచి విన్నాను. నడుమ పూజారి లేకుండా, ఎవరైనా నేరుగా అమ్మవారికి నీళ్లు పోసి, పసుపు కుంకుమ పెట్టుకోవచ్చు. మార్గశిర గురువారం మాత్రం బుధవారం అర్ధరాత్రి నుంచే వరస మొదలవుతుంది. ఊరంతా చెప్పులు విడిచి బురుజుపేట సందుల్లోనే ఉంటుంది. చంటిబిడ్డల్ని ఎత్తుకుని వరసలో నిలబడే తల్లుల్ని చూస్తే, ఇది ఓడరేవు నగరం అన్న మాట మరిచిపోతాం.

ఓడరేవు రాకముందు అక్కడ ఏముండేది?

బురద. నిజంగా బురదే. కొండల నుంచి దిగిన గెడ్డల నీళ్లు, సముద్రం పోటు నీళ్లు కలిసే పెద్ద ఉప్పుటేటి మడుగు ఉండేది. ఓడలు దూరంగా సముద్రంలో లంగరు వేసేవి. సరుకులూ మనుషులూ పడవల మీద అలలు దాటి ఒడ్డుకు చేరేవాళ్లు.

మధ్య పరగణాల (సెంట్రల్ ప్రావిన్సెస్) మాంగనీసు ఖనిజం ఎగుమతికి సముద్రం కావలసి వచ్చింది. రాయపూర్ నుంచి విజయనగరం దాకా రైలుదారి వేశారు. ఇక్కడ మడుగును తవ్వి లోపలి రేవు చేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. రేవుముఖం దగ్గర అలల తాకిడి ఆపడానికి రెండు పాత ఓడల్ని తెచ్చి అక్కడే ముంచి అడ్డుకట్ట చేశారు. తవ్విన బురదను ఊరి పల్లాల్లో పోసి నేల చేశారు. మనం మెరక అనుకుంటున్న చోట్లలో కొన్ని ఆ బురద గట్టిపడినవే. వానాకాలంలో నీళ్లు ఎందుకు నిలుస్తాయన్న ప్రశ్న వచ్చినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

షిప్‌యార్డ్ దగ్గరి చోటుకు సింధియా అన్న పేరు ఎలా వచ్చింది?

సింధియా స్టీమ్ నావిగేషన్ అనే స్వదేశీ ఓడల కంపెనీ పేరు. వాళ్ల ఓడల కర్మాగారానికి 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ తయారైన జలఉషను 1948 మార్చి 14న నెహ్రూ నీళ్లలోకి దింపారు. ఆ కర్మాగారం 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. బస్సు కండక్టర్లు మాత్రం ఈనాటికీ "సింధియా, సింధియా" అనే కేకేస్తారు.

యుద్ధంలో విశాఖ మీద బాంబులు పడ్డాయంటారు, నిజమేనా?

నిజమే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు రేవు మీద బాంబులు వేశాయి. మర్నాటికల్లా ఊరు సగం ఖాళీ. బళ్లు కట్టుకుని, కాలినడకన, దొరికిన రైలెక్కి పల్లెలకు పోయారు. యూనివర్సిటీని గుంటూరు తరలించారు. మా తాతగారి ఇంట్లోవాళ్లు చోడవరం వైపు బంధువులింటికి వెళ్లి నెలల తరబడి ఉండిపోయారు. తలుపుకు తాళం కూడా వేయలేదని, తిరిగొచ్చేసరికి రుబ్బురోలు తప్ప ఏమీ మిగల్లేదని మా నానమ్మ చెప్పేది. ఆనాటి బాంబు ఒకటి బీచ్ రోడ్డు మీది విశాఖ మ్యూజియంలో ఉంది. పిల్లల్ని తీసుకెళ్లండి.

గెడ్డ, వాక, ధార, లోవ... ఈ పేర్లకు అర్థం ఏమిటి?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. మన ఊరి పేర్లలో సగం నీళ్లే ఉన్నాయి. గెడ్డ అంటే కొండ మీంచి దిగే వాగు, ఉత్తరాంధ్రలో పసిపిల్లకు కూడా తెలిసిన మాట. వాక అంటే ఏరు: హనుమంతవాక. ధార అంటే కొండ మీంచి జాలువారే నీరు: సీతమ్మధార. లోవ అంటే కొండల నడుమ పల్లం: ముడసర్లోవ, అక్కడే ఊరికి తాగునీళ్లిచ్చిన పాత చెరువు ఉంది. మదుం అంటే గట్టు కింద నీళ్లు పారడానికి కట్టిన తూము. జ్ఞానాపురం దగ్గర చావులమదుం పేరు వినని వాళ్లుండరు. ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ అన్నవాటిని ఇప్పుడు మనం పెద్ద కాలువలు అంటున్నాం. అవి మురుగు కోసం మనిషి తవ్వినవి కావు. ఊరికన్నా ముందు పుట్టిన వాగులు.

మా తాతగారు 1958లో కంచరపాలెం వైపు కొన్న స్థలం దస్తావేజు మా ఇనప్పెట్టెలో ఉంది. కాగితం మడతల దగ్గర చినిగి, వెనక బట్ట అంటించి ఉంటుంది. హద్దుల దగ్గర రాసిన మాటలు ఇవి: తూర్పు, బండి దారి. దక్షిణం, సరుగుడు తోట. పడమర, గెడ్డ పోరంబోకు. చిన్నప్పుడు ఆ గెడ్డలో నేను చేపపిల్లలు పట్టాను. పదడుగుల వెడల్పు ఉండేది, రాళ్ల మీంచి దూకి అవతలికి పోయేవాళ్లం. ఇప్పుడు అక్కడ మూడడుగుల సిమెంటు కాలువ, దాని మీద పలకలు, పలకల మీద బళ్లు. దస్తావేజులో మాత్రం గెడ్డ గెడ్డలాగే ఉంది. ఈ ఊరి చరిత్ర ఎక్కడుందని అడిగేవాళ్లకు నేను ఆ కాగితం చూపిస్తాను.

వానొస్తే మా వీధే ఎందుకు మునుగుతుంది?

విశాఖ ఒక పళ్లెం లాంటిది. ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండలు, నడుమ పల్లం. కొండల మీద పడిన వాన గంటలోపే పల్లానికి చేరుతుంది. ఆ పల్లంలో రైలుకట్ట అడ్డంగా ఉంది. దాని కింద ఉన్న మదుంలే నీళ్లకు దారి. అవి దాటాక గెడ్డలు రేవులో కలుస్తాయి. సరిగ్గా అప్పుడే సముద్రం పోటు మీద ఉంటే నీళ్లు ముందుకు పోవు, వెనక్కు తంతాయి. ఇక మదుంలో ప్లాస్టిక్ సంచులు, కూలగొట్టిన ఇంటి రద్దు ఉంటే చెప్పేదేముంది. పెదవాల్తేరు వైపు గెడ్డలు నేరుగా సముద్రంలోకే పోతాయి. అందుకే అక్కడ ఇబ్బంది ఉన్నా నీళ్లు తొందరగా లాగేస్తాయి.

కాబట్టి మీ వీధి మునిగితే ముందు అడగాల్సిన ప్రశ్న: ఇక్కడ పాత గెడ్డ ఏ దారిన పోయేది?

అయితే ఎవరికి చెప్పాలి? చెబితే వింటారా?

ముందు మీ వార్డు సచివాలయం. 2019లో వచ్చిన ఈ సచివాలయాల్లో పారిశుధ్యానికీ, ఇంజనీరింగుకూ వేరువేరు కార్యదర్శులుంటారు. అక్కడ పని కాకపోతే కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్లండి, సోమవారం అర్జీలు తీసుకునే రోజు. అర్జీ ఇచ్చినప్పుడు రసీదు నెంబరు తీసుకోకుండా బయటికి రావద్దు.

ఇది అనుభవం మీద చెబుతున్నాను. మా వీధి చివర మదుం పూడిపోయింది. "మురుగు పొంగుతోంది, చర్య తీసుకోండి" అని రెండు వానాకాలాలు ఒక ఆఫీసు చుట్టూ తిరిగాను. ప్రతిసారీ మనిషి వచ్చి పైన చెత్త తీసి ఫొటో తీసుకుని పోయేవాడు. మూడోసారి అర్జీ తీరు మార్చాను. సర్వే నెంబరు రాశాను. సర్వే పటం నకలు తీయించి గెడ్డ పోరంబోకు ఎంత వెడల్పో ఎర్ర సిరాతో గీశాను. వానకు ముందు, వాన రోజు, మర్నాడు తీసిన ఫొటోలు జత చేశాను. వీధిలో పాతికమంది సంతకాలు పెట్టాం. దాంతోపాటు పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద ఆ మదుం చివరిసారి ఎప్పుడు తవ్వారో అడిగాను. దానికి 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇరవై రోజులు తిరక్కుండానే పొక్లెయిన్ వచ్చింది. కాలువలోంచి తీసిన దాంట్లో రెండు పరుపులు, ఒక ఫ్రిజ్ తలుపు ఉన్నాయి. అవి వేసింది మా వీధివాళ్లమే. ఆ సాయంత్రం ఎవరం ఒకరి మొహాలు ఒకరం చూసుకోలేకపోయాం.

ఆర్కే బీచ్‌లో సముద్రం ముందుకొస్తోందా?

ఇసుక తగ్గుతోంది, అందుకని నీళ్లు ముందుకొచ్చినట్టుంటుంది. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు కెరటాలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతాయి. రేవు కోసం కట్టిన అడ్డుగోడలు ఆ ఇసుకను ఆపేస్తాయి. బయటి రేవు 1976లో వచ్చాక ఇది ఇంకా పెరిగింది. దక్షిణాన ఆగిన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి గొట్టాల ద్వారా ఆర్కే బీచ్‌లో పోయించడం అందుకే. పోసిన ఇసుక కూడా కొన్నాళ్లకు పోతుంది, మళ్లీ పోయాలి. డబ్బు దండగ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఇసుక దారికి అడ్డం కట్టింది మనం, దాన్ని అవతలికి దాటించాల్సిందీ మనమే.

తాగునీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

ముడసర్లోవ, మేహాద్రిగెడ్డ దగ్గరివి. గోస్తనీ నది మీది తాటిపూడి, దేవరాపల్లి దగ్గరి రైవాడ కొంచెం దూరం. ఏలేరు కాలువ నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వస్తాయి, గోదావరి నీళ్లూ ఆ దారినే. ముడసర్లోవ చెరువు మీద 2018లో రెండు మెగావాట్ల తేలే సోలార్ పలకలు పరిచారు. ఎవరి పొలాలు తడపాల్సిన నీళ్లు మన కుళాయిలో పడుతున్నాయో తెలిస్తే బిందె పొర్లించడానికి చెయ్యి రాదు.

కార్పొరేషన్ ఎప్పుడు వచ్చింది? అనకాపల్లి జిల్లా వేరైతే మనలోనే ఎందుకుంది?

1858లో ఊరి పెద్దలు వీధులు, దీపాల కోసం సంఘంగా ఏర్పడటంతో మొదలు. భీమిలికి 1861లోనే మునిసిపాలిటీ ఉంది. డచ్చివాళ్ల సమాధులు, గంటస్తంభం ఉన్న భీమిలిని మనం పిక్నిక్ చోటుగా చూస్తాం కానీ, పురపాలనలో ఆ ఊరు చాలా పాతది. విశాఖ 1979లో కార్పొరేషన్ అయింది. 2005లో గాజువాక మునిసిపాలిటీ, 32 గ్రామాలు కలిసి గ్రేటర్ విశాఖ కార్పొరేషన్ అయింది. 2013లో భీమిలి, అనకాపల్లి చేరాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లా మూడైనప్పుడు అనకాపల్లి పేరుతో వేరే జిల్లా వచ్చింది, పట్టణం మాత్రం గ్రేటర్‌లోనే ఉండిపోయింది. అందుకే అక్కడివాళ్లు పన్ను ఇక్కడ, కలెక్టరు అక్కడ అంటారు.

2012లో పాలకవర్గం గడువు ముగిశాక తొమ్మిదేళ్లు ఎన్నికల్లేవు. 2021 మార్చి 10న 98 వార్డులకు జరిగాయి. తొమ్మిదేళ్లపాటు మన వీధి దీపం గురించి అడగడానికి మనం ఎన్నుకున్న మనిషి లేడు. కార్పొరేటర్ ఎవరైనా సరే, ఉండటమే ముఖ్యం అని అప్పుడు తెలిసింది.

ఆస్తిపన్ను సంగతి కూడా అడుగుతుంటారు: ఏడాది మొత్తం ఏప్రిల్ 30లోపు కడితే 5 శాతం తగ్గింపు ఉంటుంది.

ఉక్కు ఉద్యమం గురించి పిల్లలకు ఏం చెప్పాలి?

"విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అన్న నినాదం 1966లో రాష్ట్రమంతా మోగింది. అమృతరావు గారు నిరాహార దీక్ష చేశారు, తెన్నేటి విశ్వనాథం గారు ముందు నిలిచారు. నవంబరు 1న మన ఊళ్లోనే కాల్పులు జరిగాయి. ఉద్యమం మొత్తం మీద 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న శంకుస్థాపన, 1992 ఆగస్టు 1న జాతికి అంకితం. దీనితోపాటు పిల్లలకు ఇంకో సంగతి కూడా చెప్పండి. ఆ కర్మాగారం కింద అరవైకి పైగా గ్రామాల భూములున్నాయి. ఊరుకు ఊరు సామాన్లు ఎత్తుకుని పునరావాస కాలనీలకు వచ్చింది. ఆ కాలనీల్లో ముసలివాళ్లు ఇంకా పాత ఊరి పేరుతోనే ఒకరినొకరు గుర్తుపడతారు. వాళ్ల దగ్గర కూర్చుని వినండి, రాసుకోండి. ఇది వాయిదా వేయగలిగిన పని కాదు.

హుద్‌హుద్ తుఫాను తర్వాత ఊరు ఏం మారింది?

2014 అక్టోబరు 12. నాకు గుర్తున్నది మర్నాటి రంగు. పచ్చగా ఉండే కైలాసగిరి, కంబాలకొండ కాలిపోయినట్టు గోధుమ రంగులో ఉన్నాయి. ఉప్పుగాలికి ఆకు మిగల్లేదు. ఇంటి మేడ మీంచి ఎప్పుడూ కనిపించని సముద్రం కనిపించింది.

ఏప్రిల్, మేల్లో వంజరం చేప ఎందుకు దొరకదు?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలం. వేట మొదలైన వారంలో తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి వేలంపాట చూడండి. గంపల చుట్టూ బేరమాడే ఆడవాళ్ల లెక్క ముందు క్యాలిక్యులేటర్ పనికిరాదు.

మా వీధి చరిత్ర మేమే రాసుకోవాలంటే?

ఇంట్లో పాత దస్తావేజులతో మొదలుపెట్టండి. హద్దుల దగ్గర ఉన్న ప్రతి మాటా రాసుకోండి: బంద (చిన్న చెరువు), తోట, గెడ్డ, శ్మశానం, బండి దారి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) తీయిస్తే ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తెలుస్తుంది. వీధిలో అందరికన్నా పెద్దావిడను వెతకండి. తేదీలు అడగొద్దు, చెప్పలేరు. "నీళ్లు ఎక్కడి నుంచి మోసేవారు, మామ్మా?" అని అడగండి. బావి ఎక్కడుందో, గట్టు ఎక్కడుందో, ఎవరి దొడ్లోంచి దారి పోయేదో, అన్నీ ఆ ఒక్క ప్రశ్నకు బయటికొస్తాయి.

మీతో నడవాలంటే ఏం తెచ్చుకోవాలి?

నీళ్ల సీసా, తేలిగ్గా విప్పే చెప్పులు. పాత పోస్టాఫీసు దగ్గర ఆరింటికి కలుస్తాం. కొండ ఎక్కి, కోటవీధి మీదుగా బురుజుపేట అమ్మవారి దగ్గరికి, అక్కడి నుంచి కురుపాం మార్కెట్‌కు. మీ ఇంటి దస్తావేజు నకలు ఉంటే తప్పకుండా తెండి, దారిలో టీకొట్టు బల్ల మీద పరిచి అందరం చదువుదాం.